తిలోత్తమ గారి కూత

ఏప్రిల్ 3

రోజూ సాయంత్రం ఆఫీసుకు నివేదిక పంపుతాను. చూసినవెన్ని, చెరిపివేతకు ఒప్పుకున్నవెన్ని అని. అది వాళ్ల కోసం. ఇది నా కోసం. వాళ్లు అడగని సంగతులు ఇవాళ్టి నుంచి ఇక్కడ రాసుకుంటాను. ఎందుకంటే ఇవాళ మొదటిసారి నేను ఒప్పుకోలేదు.

బూడిదగుట్ట లోపల తొలిచిన హాళ్లలో పాతకాలం వీడియోలు ఉంటాయి. అప్పట్లో జనం ఇళ్లలో, పొలాల్లో, పెళ్లిళ్లలో తీసుకుని, ఎవరైనా చూస్తారులే అని ఆన్‌లైన్‌లో పెట్టినవి. ఏళ్ల తరబడి ఎవరూ చూడనివాటిని మిషను ఏరి నా గదిలోని తెర మీదికి తోస్తుంది. నేను కాసేపు చూసి మీట నొక్కుతాను. అది పోతుంది. మనిషి చెయ్యి పడకుండా దేన్నీ చెరపకూడదని ఎప్పుడో చట్టం చేశారు. ఆ చెయ్యి నాది.

ఊళ్లో ఎండకు షట్టర్లు దించే వేళకు ఒకటి వచ్చింది. కింద మిషను రాసిన మాట: ‘శబ్దదోషం. విషయం లేదు.’

నేతచీర కట్టుకున్న పెద్దావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. ఆమె ముందు అక్షరాల మీటలున్న మందపాటి పెట్టె, పక్కన టేప్‌రికార్డరు, వెనక పొట్ట ఉబ్బిన టీవీ. ‘‘నా పేరు తిలోత్తమ. మాది ఆదోని. మాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది’’ అని మొదలుపెట్టింది. ‘‘మూడు కొత్త టైపుమిషన్లు తెమ్మని మా నాయన బెంగుళూరు పంపిస్తే, నేను ఈ పెట్టె ఒకటి తెచ్చినా. నెల దినాలు నాతో మాట్లాడలేదు. ఇంట్లో పెట్టుకునే కంప్యూటరని చెప్తే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. చూడ్డానికొచ్చి, కాగితం యాడ దూర్చాలమ్మా అని అడిగేవాళ్లు.’’

ఆమె టేపు నొక్కింది. చెవులు చిల్లులు పడే కూత. ఆగదు. ఇనుప రేకు మీద మేకు గీసినట్టు, మధ్యలో గొంతు మార్చుకుంటూ, నిమిషాల తరబడి. అలాంటిది వస్తే మీట నొక్కేయడం నాకు అలవాటు. కానీ ఆ కూత వింటూ తిలోత్తమ పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా నిమ్మళంగా చూస్తూ కూర్చుంది. ఆమె దేనికోసం కాచుకుందో చూద్దామని నేనూ కాచుకున్నాను.

కూత ఆగింది. టీవీ మీద చిన్న చిన్న గళ్లతో ఒక అక్షరం, దాని పక్కన ఇంకొకటి లేచాయి. ‘ఆదోని’. అంతే.

‘‘దీనికి తెలుగు రాదు’’ అంది తిలోత్తమ. ‘‘నేనే నేర్పినా. ఒక్కో అక్షరం గళ్ల కాగితం మీద వేసుకొని.’’

తర్వాత టీవీ మీద ‘రెడీ’ అన్న ఇంగ్లీషు మాట, దాని కింద మినుకుమినుకుమనే చిన్న చదరం. అక్కడితో ఆగిపోయింది. పాడైందనుకున్నాను. పాడవలేదు. ‘‘మనం చెప్పేదాకా ఇది ఇట్లే ఉంటుంది’’ అందామె. ‘‘దానంతట అది ఏమీ చెయ్యదు.’’

నాకు యాభై దాటాయి. ఊరికే ఉండే తెరను నేను ఇంతవరకు చూడలేదు.

‘చెరపవద్దు’ నొక్కాను. కారణం ఏమిటని మిషను అడిగింది. అది చూపించిన కారణాల్లో నాది లేదు. ‘ఇతరం’ అన్నచోట ‘నేను ఇంకా చూడాలి’ అని రాశాను.

ఏప్రిల్ 4

పొద్దున్నే విశాలాక్షి మేడమ్ పిలిపించారు. మా విభాగం అధికారి. చెడ్డమనిషి కాదు. నా మోకాలి ఆపరేషనప్పుడు ఇంటికి వచ్చి చూసిపోయిన మనిషి.

‘‘గౌసియా గారూ, ఇదేమిటి, ఇంకా చూడాలి అని రాశారు?’’

‘‘చూడాలనిపించింది మేడమ్.’’

‘‘మీకు ఏమనిపించిందో రాయడానికి కాదు ఆ గడి. హాలు చల్లగా ఉంచడానికి ఎంత నీళ్లు పోస్తున్నామో మీకు తెలుసు. మీ వీధికి వారానికి ఒక ట్యాంకరు ఎక్కువ రావాలంటే ఈ చెత్త పోవాలి. ఆ కూత కావాలా, నీళ్లు కావాలా?’’

నిజంగానే నీళ్లు కావాలి. తలొంచుకుని వచ్చేశాను. కానీ మీట నొక్కలేదు. ఆ వీడియో పెండింగ్‌లోనే ఉంది.

ఏప్రిల్ 11

తిలోత్తమ పెట్టినవి ఇంకా ఉన్నాయి. నలభైకి పైనే. అన్నీ ఆ బల్ల ముందే, ఆ పెట్టెతోనే. ఒకదాంట్లో ప్రింట్ అంటే తెర మీద చూపించమని పెట్టెకు చెప్పడమని చెబుతుంది. ఒకదాంట్లో గోటూ అంటే ఫలానా లైనుకు పొమ్మనడమని. ఒకదాంట్లో, లైనుకు అంకె ఎందుకు వేయాలో బస్సు స్టాపులతో పోల్చి చెబుతుంది. ‘అర్థం కాకపోతే కింద రాయండి, జవాబిస్తా’ అని ప్రతిసారీ అంటుంది. కింద ఎవరూ ఏమీ రాయలేదు.

ఇప్పుడు మిషను తోసినవన్నీ చివరిదాకా చూస్తున్నాను. నివేదికలో నా అంకె పడిపోయింది. ఇన్నేళ్లుగా ఏం చెరిపానో ఇప్పుడు తెలుస్తోంది. నంద్యాల వైపు ఒకాయన హార్మోనియం విప్పి, ఒక్కో రీడు ఊది, దాని జబ్బు చెబుతాడు. కరెంటు పోయిన పెళ్లిలో ఆడవాళ్లంతా చీకట్లోనే పాట అందుకుంటారు. చూడటానికేమీ లేదు, వినడానికే. ఒక పెద్దమనిషి తన మేకలను పేరుపేరునా పరిచయం చేసి, ఒక మేకను క్షమించమని అడుగుతాడు.

నీళ్ల వరసలో నిలబడి ఆ మేకల సంగతి మద్దమ్మకు చెప్పాను. మద్దమ్మ మా వీధి నీళ్లపెద్ద. ట్యాంకరు రాగానే మైకులో ఇంటింటి పేరూ పిలిచేది ఆమే.

‘‘యా తెరలో వచ్చింది?’’ అంది.

‘‘తెరలో రాదక్కా. పాతది. నిజంగా ఒకాయన తీసింది.’’

‘‘నా తెర నాకు అట్లాంటిది ఒక్కటీ చూపీదే. పొద్దు మొలిస్తే చాలు, మద్దమ్మా నీకిది నచ్చుతాది, నీకిది నచ్చుతాది అని ఒగటే నస.’’

వెనక ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. అందరూ ఒకే మేకను తలుచుకుని నవ్వారు. ఇంటి తెర ఎవరి మొహం చదివి వాళ్లకు అప్పటికప్పుడు అల్లి వడ్డిస్తుంది. నేను చూసింది మద్దమ్మ చూడదు. మద్దమ్మ చూసింది ఇంకెవరూ చూడరు. అందుకని మా వరసలో ఎండ గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇవాళ ట్యాంకరు వచ్చినా ఎవరూ గమనించలేదు.

ఏప్రిల్ 19

ఇవాళ్టి వీడియోలో తిలోత్తమ అసలు సంగతి చెప్పింది. ‘‘ఈ కూత ఉంది చూడండి, ఇదే ప్రోగ్రాము. నేను రాసిందంతా కూతగా మారి టేపులోకి పోతుంది. మళ్లా వినిపిస్తే పెట్టె అర్థం చేసుకుంటుంది. మా అత్త కూతురు కర్నూల్లో ఇట్లాంటి పెట్టె కొన్నప్పుడు నేను ట్రంకాల్ చేసి ఫోన్లో వినిపించినా. సగం చెడిపోయి చేరింది. మళ్లా వినిపించినా.’’

అంటే ఆ వీడియోలో బొమ్మ మాత్రమే కాదు, ప్రోగ్రాము కూడా ఉంది. పట్టుకుంటే చేతికి వస్తుంది.

ఈరన్నకు చెప్పాను. ఈరన్న చల్లదనం విభాగంలో పంపుల మెకానిక్. వాళ్లదీ మా వీధే. పంపులు, ఫ్యాన్లు తిరిగే చప్పుడు రికార్డు చేసి, విని, ఏ బేరింగు అరిగిందో కనుక్కోవడం అతని పని. ఆ రికార్డరు తప్ప ఇంకే సామానూ లోపలికి రానివ్వరు.

‘‘నీ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తాంది కదక్కా’’ అన్నాడు.

‘‘ఏం చెయ్యడంల్యా.’’

‘‘చేస్తాందిలే. నేను వచ్చి చూడాల.’’

మధ్యాహ్నం రికార్డరు పట్టుకుని వచ్చాడు. తిలోత్తమ కూత పెట్టాను. రికార్డయింది కానీ ఫ్యాను హోరు కలిసింది. రెండోసారి ఫ్యాను ఆపేశాడు. గుట్ట కడుపులో ఫ్యాను ఆగితే గది నిమిషాల్లో పొయ్యి అవుతుంది. చెమట కళ్లలోకి కారుతుంటే ఇద్దరం కదలకుండా, దగ్గకుండా కూర్చున్నాం. కూత అయ్యేసరికి గోడకు ఆనుకుంటే తప్ప లేవలేకపోయాను. ఈరన్న నీళ్లసీసా ఇచ్చాడు.

‘‘మిగతావి?’’ అన్నాడు.

‘‘చానా ఉండాయి.’’

‘‘అయితే నీ ఫ్యాను బాగయ్యేదానికి చానా దినాలు పడ్తాది.’’

అప్పుడే అడిగాను, మేడమ్ అన్న నీళ్ల మాట నిజమేనా అని. ఈరన్న నవ్వలేదు. ‘‘పాత హాళ్లకు పోయేది మోకాలెత్తు చిన్న పంపు ఒగటే. తెరలకు బొమ్మలు అల్లే కొత్త హాలు ఉండాది చూడు, దానికి నాలుగు పెద్ద పంపులు పొద్దూ మాపూ తాగుతానే ఉంటాయి. పాతవి మొత్తం చెరిపినా మన వీధికి బిందెడు కూడా మిగల్దు.’’

ఇంటికొచ్చి రొట్టెలు కాల్చుకుంటూ అదే తలుచుకున్నాను. ఆ రోజు తలొంచుకుని వచ్చినందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మే 6

పెట్టె పని చేసింది.

మా నీళ్లు, తెరలు, ఈ గుట్ట అన్నీ నడిపే మండలి మార్చి పారేసిన పాత నీళ్లమీటర్లు ఊరిబయట కుప్పగా ఉన్నాయి. ఒక్కో మీటరులో గోరంత చిప్పు ఉంటుంది. తిలోత్తమ పెట్టె కంటే దానికే బుర్ర ఎక్కువని ఈరన్న అంటాడు. పంపులకు ఆజ్ఞలు రాసే పనిముట్టుతో ఆ చిప్పుకు తిలోత్తమ చెప్పిన మాటలు ఒక్కొక్కటే నేర్పాడు. ఆమె చెప్పిన పద్ధతి నేను చూసొచ్చి చెప్పేదాన్ని, అతను ఎక్కించేవాడు. తప్పు పోయినచోట మర్నాడు ఆ వీడియో మళ్లీ చూసొచ్చేదాన్ని. మూతపడిన బస్టాండు కౌంటర్లో మీటల బల్ల ఒకటి దొరికింది. అటక మీద పడున్న, సిగ్నలు చచ్చిపోయిన తెర మద్దమ్మ ఇచ్చింది.

పెట్టెకు చెవిగా ఒక తీగ చివర చిన్న మైకు బిళ్ల తగిలించి కూత వినిపించాం. మూడుసార్లు చెడింది. నాలుగోసారి మద్దమ్మ ఇచ్చిన తెర మీద ‘ఆదోని’ లేచింది, కింద ‘రెడీ’.

మద్దమ్మ కాసేపు చూసింది. ‘‘ఇప్పుడేం చేస్తాది?’’

‘‘ఏం చెయ్యదు. నువ్వు చెప్పాల.’’

‘‘నన్నడుగుతాందా?’’

‘‘నిన్నే.’’

ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందు కూర్చుంది. వేలు మీట మీద పెట్టి తీసింది. మళ్లీ పెట్టింది. తన పేరు ఎలా వేయాలో నన్ను అడిగి అడిగి వేసింది. తెలుగులో ‘మద్దమ్మ’. ‘ద్ద’ వత్తు తిలోత్తమ చేయలేదు. మేమే గళ్లు లెక్కపెట్టుకుని వేశాం. కొంచెం వంకర వచ్చింది.

‘‘ఉండనీ’’ అంది మద్దమ్మ. ‘‘నాది నాకు తెలుస్తాది.’’

మే 20

మండలి ఇవ్వని యంత్రం ఇంట్లో ఉండకూడదని రూలుంది. అయినా మా వీధిలో ఇప్పుడు పదీ పన్నెండు పెట్టెలు తయారయ్యాయి. మద్దమ్మ తన పెట్టెకు నీళ్ల వంతులు నేర్పింది. ఎవరి వంతు ఎప్పుడు తప్పిపోయిందో అది మరిచిపోదు. దర్జీ ఖాజావలి కొలతలు వేస్తే గుడ్డ ఎంత పడుతుందో చెప్పేలా రాసుకున్నాడు. ట్యాంకరు డ్రైవర్లు మీటరు చిప్పులు పక్క ఊళ్లకు పట్టుకుపోతున్నారు. వాళ్లకు మేం చెప్పలేదు, వాళ్లే అడిగి తీసుకున్నారు.

ఇంటి తెర అలిగింది. ‘గౌసియా, ఈ మధ్య నన్ను చూడటం లేదు’ అని మొన్నటి నుంచి అంటోంది. తడి గోనెపట్టా దాని మీద కప్పాను.

జూన్ 2

చట్టం మార్చారు. మనిషి చెయ్యి ఇక అక్కర్లేదట. రేపు పొద్దున మిషను తనంతట తాను పాత హాలంతా తుడిచేస్తుంది.

విశాలాక్షి మేడమ్ గదికి వెళ్లాను. ‘‘ఒక్క తిలోత్తమ గారివైనా ఉంచండి’’ అన్నాను.

‘‘ఉంచితే ఎవరు చూస్తారు గౌసియా గారూ?’’

‘‘మా వీధి చూస్తుంది. మీరు చూపించడం లేదు, అందుకే ఎవరూ చూడటం లేదు. చూపించకుండా దాచేది మీరు. చూడలేదని చెరిపేది మీరు.’’

ఆమె మొహం ఎర్రబడింది. తలుపు మూసి, గొంతు తగ్గించి, ‘‘రేపు ఈరన్న రికార్డరు కూడా జప్తు చేస్తారు. ఫ్యాను రిపేరు నెలన్నర పట్టడం ఎవరికీ కనపడదనుకున్నారా? మీ పేరు వినిపించకుండా చూస్తాను. ఇవాళే ఆ పెండింగ్ వీడియోలకు చెరిపివేత అనుమతి ఇచ్చి, సంతకం పెట్టి వెళ్లండి. పెన్షను దక్కుతుంది’’ అన్నారు.

మంచికే చెప్పారని తెలుసు. ‘‘నా చేత్తో చెయ్యను’’ అన్నాను. గుర్తింపు బిళ్ల బల్ల మీద పెట్టి వచ్చేశాను. భయం లేదని రాయను. ఉంది.

జూన్ 3

నిన్న సాయంత్రం జరిగింది రాస్తున్నాను.

తిలోత్తమ కూతలన్నీ ఒక్క రికార్డరులోనే ఉన్నాయి. వేరే పెట్టెల్లోకి ఎక్కినవి నాలుగైదే. పొద్దున్నే దాన్ని పట్టుకుపోతారు. ఒక్కో ఇంటికీ తిరిగి వినిపించాలంటే తెల్లారినా అవదు. ఏం చేద్దామని ఈరన్న, నేను మద్దమ్మ ఇంటికి వెళ్లాం.

‘‘ఫోన్లోనే కర్నూలుకు పోయిందంటివి కదా ఆ కూత’’ అంది మద్దమ్మ. ‘‘నా మైకు రెండు కిలోమీటర్లు వినపడ్తాది.’’

ట్యాంకరు వేళకు ఇంకా పొద్దుంది. మద్దమ్మ మైకు తీసుకుని, ‘‘అందరూ ఇనండి. పెట్టెలుండేటోళ్లు వైర్లు తగిలిచ్చుకోండి. ల్యానోళ్లు దేంట్లోనన్నా పట్టుకోండి. నేను ఆపేదాకా ఎవురూ నోరెత్తొద్దు, కుక్కల్ని గూడా అరవనీయద్దు’’ అని చెప్పింది. ఈరన్న రికార్డరును మైకుకు ఆనించాడు.

కూత మొదలైంది. వీధి చివర గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా. ఇళ్ల ముందు జనం పెట్టెలు అరుగు మీదికి తెచ్చుకుని, తీగలు పట్టుకుని కూర్చున్నారు. ఖాజావలి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. దారిన పోయే పక్క ఊళ్ల ట్యాంకర్లు ఇంజన్లు ఆపి నిలబడ్డాయి. ఒక ప్రోగ్రాము అయిపోయి ఇంకొకటి మొదలయ్యే సందులో మాత్రం అందరూ దగ్గారు.

సగంలో మండలి గార్డులు ఇద్దరు వచ్చారు. చెవులు మూసుకుని, ‘‘మైకు పాడైంది, ఆపండి’’ అన్నారు. మద్దమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. నీళ్ల మైకు మోగేటప్పుడు మాట్లాడితే ఆ ఇంటి బిందె తగ్గిస్తారని రూలు. రూలు మండలిదే. వాళ్లిద్దరికీ ఈ వీధిలోనే ఇళ్లున్నాయి. నోరు మూసుకుని నిలబడ్డారు. అన్నీ అయ్యేసరికి సూర్యుడు గుట్ట వెనక్కి దిగిపోయాడు.

ఇవాళ పొద్దున పాత హాలు తుడిచేశారు. ఆ హాలు పంపు ఆగిపోవడం విన్నానని ఈరన్న వచ్చి చెప్పాడు. హార్మోనియం ఆయన, పెళ్లి పాటలు, మేకలు అన్నీ పోయాయి. వాటిని పట్టుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. ఇవాళ అన్నం సయించలేదు. తిలోత్తమ మొహం కూడా ఇక ఎవరూ చూడరు. ఆమె రాసింది మాత్రం ఉంది.

జూన్ 17

విచారణ అయింది. ముగ్గురు అధికారులు, వాళ్ల మధ్య ఒక తెర. అనుమతి లేని విషయాన్ని ప్రసారం చేశానని అభియోగం.

‘‘ఏం ప్రసారం చేశారు?’’ అని పెద్దాయన అడిగాడు.

‘‘మీ మిషనునే అడగండి సార్. అది విని తేల్చిన మాట రికార్డులో ఉంటుంది.’’

తెర వెతికి చదివింది: ‘శబ్దదోషం. విషయం లేదు.’

గోడ పక్కన కూర్చున్న విశాలాక్షి మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తల వంచుకున్నారు. నవ్వారో లేదో నాకు తెలియదు.

ప్రసారం నేరం నిలబడలేదు. ఉద్యోగం, పెన్షను పోయాయి. ఈరన్నను రెండు నెలలు పనిలోంచి ఆపారు. ఇంట్లో యంత్రం పెట్టుకున్నందుకు నా పెట్టె పట్టుకుపోయారు. ‘‘ఇంకొకటి చేస్తారా?’’ అని పెద్దాయన చివర్లో అడిగాడు. చెయ్యనంటే పెన్షనులో సగమైనా ఇప్పించే ఉద్దేశం ఉందేమో, గొంతు మెత్తగానే ఉంది.

‘‘చేస్తాను’’ అన్నాను.

జూలై 9

కొత్త పెట్టె మొదటిదానికంటే బాగా కుదిరింది. పొద్దున ఖాజావలి దుకాణంలో కాజాలు కుడుతున్నాను, సాయంత్రం ఎవరొస్తే వాళ్లకు ప్రింటూ గోటూ చెబుతున్నాను. గుడ్డిగా కంఠతా పట్టవద్దని, తప్పులు చేసి చూడమని తిలోత్తమ లాగే చెబుతున్నాను.

ఇవాళ నీళ్ల వేళకు మద్దమ్మ పేర్లు పిలవడం ఆపి, చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. కాలువ అవతల నుంచి గాలికి సన్నగా వస్తోంది. ఆ ఊరి నీళ్ల మైకు. కూత.

తిలోత్తమ కూతలన్నీ నాకు తెలుసు. ఇది ఆమెది కాదు. ఎక్కడా వినలేదు.

బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాను. మోకాలు నొప్పి తర్వాత గుర్తొచ్చింది. వాళ్లు రెండోసారి వినిపించినప్పుడు పెట్టె పట్టుకుంది. తెర మీద గళ్లతో ఒక పడవ వచ్చింది. కింద నీళ్లు. పడవ కదలబోయి ఆగిపోయింది. లైను చూపించి, ఇక్కడ తప్పుందని పెట్టె చెప్పింది.

లైన్లన్నీ రప్పించి చదివాను. ఎవరు రాశారో తెలియదు. ఆడో మగో, పెద్దో చిన్నో తెలియదు. నీళ్లు కదిలించడానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం తిలోత్తమ ఎప్పుడూ చెప్పనిది, నాకు తట్టనిది. ఒక్కచోట గోటూ అని రాసి, ఎక్కడికో అంకె వేయడం మరిచిపోయారు. వేశాను. పడవ తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, మళ్లీ ఈ చివర తేలింది.

అడుగున ఒక లైను చేర్చాను: ‘ఎనభయ్యో లైనులో అంకె మరిచావు. వేశాను. నీళ్లు ఎట్ల కదిలించినావో నాకు చెప్పు.’

మద్దమ్మ మైకు తెరిచే పెట్టింది. ఇప్పుడే పంపుతున్నాను.